చక్రాలు బిగించిన చేతులకు అభినందన

1946 జూన్ మూడవ తేదీన హాల్‌స్టోక్ పట్టణ నీటి సరఫరా కార్యాలయంలో గుమాస్తాగా చేరిన కుమారి మ్యూరియెల్ టాప్లిస్ గారు, ముప్పైనాలుగు సంవత్సరాల అవిచ్ఛిన్న సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. వారి దరఖాస్తులో యుద్ధకాలపు ఉద్యోగమన్న గడిలో "నౌకాదళం, సాధారణ విధులు" అని మాత్రమే ఉన్నది. ఆ విధులేమిటని అడిగినవారికి వారు నవ్వి టీ పోసి ఇచ్చేవారు.

పట్టణంలో మూసి ఉన్న ప్రతి వాల్వుకూ ఒక బిళ్ల చొప్పున గోడపలకకు తగిలించడం, పని అయి వాల్వు తెరిచాక దాన్ని తీసేయడం మా పద్ధతి. 1949లో ఒకనాడు మేస్త్రీ కాటెరిల్ గారు ఫోనులో "మిల్లు వీధిలో అయిపోయిందమ్మా" అనగానే, మ్యూరియెల్ గారు ఆ ఒక్క బిళ్లతో ఆగక, పలక మీది నూటనాలుగింటినీ పది నిమిషాల్లో ఊడదీసి వరుసగా పేర్చారు.

"ఏం చేశావమ్మా తల్లీ! ఏది మూసుందో ఏది తెరిచుందో ఇక ఆ దేవుడికే తెలియాలి!" అని తిరిగొచ్చిన కాటెరిల్ గారు నెత్తీనోరూ బాదుకున్నారు.

"నాకూ అర్థం కావట్లేదండీ. చేతులే తీసేశాయి."

సిబ్బంది మూడు రోజులు వీధివీధీ తిరిగి వాల్వులు చూసుకోవలసి వచ్చింది. అయినా 1963లో ప్రధాన గుమాస్తా పదవికి వారికంటే యోగ్యులు మాకు కనబడలేదు.

శత్రువుల రహస్య సందేశ యంత్రాల గుట్టు ఛేదించిన కథ ఐదారేళ్ల క్రితం పుస్తకాలకెక్కిన తరువాతనే ఆ చేతుల సంగతి మాకు తెలిసింది. గుట్టు వెదికే నిలువెత్తు యంత్రానికి నూటికి పైగా చక్రాలు బిగించడం, అది ఆగినచోటి అక్షరాలు ఫోనులో చెప్పడం, "అయిపోయింది" అని వినబడగానే అన్నీ ఊడదీసి మళ్లీ మొదలుపెట్టడం వారి మూడేళ్ల విధి. ఏ సందేశం విడివడిందో వారికెవరూ చెప్పలేదు.

ఈ వెల్లడి వారికి కీర్తికి ముందు దుఃఖాన్నే తెచ్చింది. 1943 మార్చిలో శత్రు జలాంతర్గాముల దాడికి మునిగిన సరుకు ఓడ నుంచి బతికి బయటపడ్డ పదకొండు మందిలో వారి తమ్ముడు సిరిల్ గారొకరు. పుస్తకం చదివింది మొదలు నాలుగేళ్లు అక్కతో మాట మానేశారు. గత నెల టీ వేళకు మా కార్యాలయానికి వచ్చి, టోపీ అయినా తీయకుండా అందరి ముందే అడిగారు.

"మా ఓడ మీదికి వాళ్లొస్తున్నారని నీకు ముందే తెలుసు కదూ?"

"తెలియదురా."

"ముప్పై ఏళ్లు నోరు కుట్టేసుకున్నదానివి. నిన్నెలా నమ్మమంటావ్?"

"నమ్మకపోతే మానెయ్. ఆ వారంలో నేను బిగించిన చక్రాలు నీ ఓడ కబురు కోసమో, ఇంకెవరి కోసమో, అసలు దేనికీ పనికిరానివో నాకు తెలియదు. తెలిస్తే రోజుకో రకంగా ఊహించుకుని చచ్చేదాన్ని కాదు కదరా!"

మేమందరం కాగితాలు సర్దుతూ ఉండిపోయాము. చివరకు సిరిల్ గారు టోపీ తీశారు.

"కోటు వేసుకో. మా ఆవిడ మాంసం పులుసు పెట్టింది, చల్లారిపోతుంది."

జవాబు దొరకని ప్రశ్నను తోడబుట్టినవాళ్లిద్దరూ ఇకమీదట కలిసి మోయగలరని ఆశిస్తూ, మ్యూరియెల్ గారికి సంపూర్ణ ఆరోగ్యం, నిండు నూరేళ్ల ఆయుష్షు, తమ్ముడి ఇంట ప్రతి ఆదివారం వేడి భోజనం ప్రాప్తించాలని మనసారా కోరుకుంటున్నాము.