తెగిన చోటు చూడమన్న ఉమాదేవి గారు

1993 జులై ఐదో తేదీ ఉదయం, ధర్మవరం నేత డిజైన్ల సహకార కేంద్రంలో ఆపరేటర్ నాగమణి కంప్యూటరు మీది దుమ్ము తుడుస్తుండగా శ్రీమతి ఉమాదేవి గారు విధుల్లో చేరారు. అంతవరకు హిందూపురంలో లెక్కల టీచరుగా ఉన్న ఆమె, పెనుకొండ నుంచి రోజూ బస్సులో వచ్చి, పదహారేళ్లు మా కంప్యూటర్ విభాగాన్ని నడిపి ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు.

మగ్గానికి ఎక్కించే అట్టలకు డిజైను ప్రకారం రంధ్రాలు కొట్టించే ప్రోగ్రాం ఆ రోజుల్లో తరచూ ఆగిపోయేది. నేత ఇళ్లలో పుట్టిన ఆపరేటర్లు, తెగిన పోగును అతికినంత అలవాటుగా కంప్యూటరు ఆపి మళ్లీ వేసేవారు. ఎందుకు ఆగిందో చెప్పే ఆనవాలు దాంతోనే పోయేది.

"అతికేది తర్వాత. యాడ తెగిందో ముందు చూడండి" అనేవారు ఉమాదేవి గారు.

"మీరు చూసేలోపల మగ్గం నిద్రపోతాది మేడం" అన్నాడు ఆపరేటర్ మారెప్ప.

"పోనీలే మారెప్పా, నువ్వైనా మేలుకొని ఉండు."

ప్రోగ్రాం వేసే ప్రతి అడుగూ సమయంతో సహా డిస్కులో నమోదయ్యేలా, ఆగిన క్షణంలో మెమరీలో ఉన్నదంతా ఫైలుగా మిగిలేలా ఆమె ఏర్పాటు చేశారు. అదే ప్రోగ్రాం, అవే డిజైన్లు వేసి ఒక పాత కంప్యూటరును పరీక్షలకే కేటాయించారు. పని నెమ్మదించిందన్న సణుగుళ్లను చిరునవ్వుతో భరించారు.

2001లో పట్టుచీరల అంచులు వరుసగా చెడ్డాయి. నాగమణి చేతి పొరపాటేనని అందరూ నమ్మారు. ఆమె సంపాదనే ఇంటికి ఆధారం. ఉద్యోగం నుంచి తొలగించే ఉత్తర్వు కూడా సిద్ధమైంది. ఉమాదేవి గారు ఆ డిజైనునే పరీక్ష కంప్యూటరులో నడిపి, రెండింటిలోనూ నమోదైనదంతా అచ్చు తీసి ఇంటికి తీసుకెళ్లారు.

ఆమెకు సంపూర్ణ ఆరోగ్యమూ, మనవలతో ఆడుకునే తీరికా, నిండు నూరేళ్లూ కలగాలని కోరుకుంటున్న ఈ వేళ సహోద్యోగులకు గుర్తొచ్చేది ఆ మరునాటి ఆదివారమే. అప్పటి మేనేజరు తిరుపాల్ గారు విభాగం నడిపే ఆమె సంతకం కోసం ఆ ఉత్తర్వుతో పెనుకొండలోని ఆమె ఇంటికి వెళ్లారు.

"ఇది చూడండప్పా" అంటూ ఉమాదేవి గారు అచ్చు కాగితాలు ముందు పెట్టారు. "అంచులో పెద్ద బుటా పువ్వు రాంగానే ప్రోగ్రామే రెండు వరుసలు దాటేసింది. అప్పుడు ఆ పిల్ల కీబోర్డు ముట్టుకోనేలేదు."

"పరీక్ష మిషన్లో కూడా అంతేనా?"

"ఆడా అంతే. అది నడిపింది నేను. నన్నూ తీసేస్తారా?"

తిరుపాల్ గారు ఉత్తర్వును నిలువునా చించి జేబులో వేసుకున్నారు. ఇచ్చిన కాఫీ తాగి, గడప దాటి వెళ్లిపోయారు.