సమానంగా పంచుకున్న డిస్కు

సభకు అధ్యక్షత వహిస్తున్న చీఫ్ ఇంజినీరు గారికి, ముందు వరుసలోని పెద్దలకు, వెనక వరుసలో కూర్చుని టీ ఎప్పుడొస్తుందా అని గుమ్మం వైపు చూస్తున్న మిత్రులకు, వరస ఏదైనా మనందరికీ బాబాయ్ అయి కూర్చున్న పెద్దమనిషికి, రేపటినుంచి ఆయన్ని పగలంతా భరించబోతున్న పిన్నిగారికి నమస్కారం. (నవ్వులు)

నేను మాట్లాడతానని ఒప్పుకున్నది బాబాయిని పొగడడానికి కాదు. ఆయన రిటైరై వెళ్లాక ఆయన కుర్చీని ఎత్తేసి, ఆ పని కూడా నాకే అప్పగిస్తారని తెలిసింది. ఎత్తేయవద్దని అడగడానికి వచ్చాను. అయితే మన అధ్యక్షులవారిని ఏదైనా అడగాలంటే ముందొక కథ చెప్పాలి, అది ఈ ఆఫీసులో అందరికీ తెలిసిందే.

ఈ మంచినీళ్ల ఆఫీసులో ఫిర్యాదులు వినడం బాబాయ్ పని, వీధుల కింద గొట్టాల పటాలు గీయడం నా పని. ఇద్దరికీ ఒకే గది, ఒకే కంప్యూటరు. ఇందాకటి వక్తలు ఆయన్ని శాంతమూర్తి అన్నారు; పాపం, వాళ్లెవరూ ఆయనతో కంప్యూటరు పంచుకోలేదు. డిస్కు కొత్తగా వచ్చినరోజు నీకెంత నాకెంత అని మేం పోట్లాడుకుంటుంటే విసిగిపోయిన మెకానిక్కు, విండోస్‌కి కొంత వదిలి, మిగిలినదాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా రెండు భాగాలు చేసి, ఒకటి నా పటాలకు, ఒకటి ఆయన ఫిర్యాదులకు ఇచ్చి దండం పెట్టి వెళ్లిపోయాడు.

అలా రోజులు గడుస్తుండగా బాబాయికి అల్లుడొచ్చారు. మూడో వరుసలో తలవంచుకున్నారే, వారే. ఆయన కంప్యూటర్లో విండోస్ ఉండదు, లైనక్సు తప్ప ఇంకోటి ముట్టరు. భోజనాల దగ్గర మామగారు, నేనూ అది వేసుకుంటానంటే, మీకెందుకులెండి మావయ్యగారూ, కష్టం అన్నారట. దాంతో మామగారికి పౌరుషం పొడుచుకొచ్చింది. మర్నాడు పొద్దున్నే ఫిర్యాదులన్నీ ఒక పెన్‌డ్రైవులోకి ఎత్తి, లైనక్సు ఉన్న ఇంకో పెన్‌డ్రైవు కంప్యూటరుకి తగిలించి, నా వాటాలో నేను వేసుకుంటున్నాను, నీ జోలికి రాను అన్నారు. నా పటాలు పెన్‌డ్రైవులో పట్టేవి కావు. కాపీ ఉంచిన బయటి డిస్కు పాడైంది. కొత్తది కావాలని నేను పెట్టిన కాగితం అధ్యక్షులవారి బల్లమీద ఎంత హాయిగా నిద్రపోతోందో వారికే ఎరుక. (నవ్వులు) వారూ నవ్వుతున్నారు కాబట్టి ముందుకెళుతున్నాను.

అన్నీ సవ్యంగా సాగి, ఏ భాగాన్ని చెరిపి దాంట్లో వేయమంటారు అని అడిగే చోటికి వచ్చింది. విండోస్‌లో నా భాగం పేరు డి, ఆయనది ఇ. లైనక్సుకి ఆ పేర్లు తెలియవు, అంకెలతో పిలుస్తుంది. తెరమీద ఒకదాని కింద ఒకటి రెండు వరుసలు, రెండూ ఒకే సైజు! మేం పోట్లాడి సాధించుకున్న సమానత్వం ఎదురుగా కూర్చుని మమ్మల్నే వెక్కిరిస్తోంది. కిందది నాదే అయ్యుండాలి అన్నారు బాబాయ్. ఆ 'అయ్యుండాలి' మీద ఊరి గొట్టాలన్నీ వేలాడుతున్నాయి. అల్లుడికి ఫోన్ చేస్తే, ఆపేయండి మావయ్యగారూ, నేనొచ్చి వేస్తాను అన్నారు. అది తగలాల్సిన చోట తగిలింది. మౌసు ఆయన చేతిలో ఉంది. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఈ పటాలు పోతే ఏ వీధికి ఏ వాల్వు ఉందో మళ్లీ రోడ్లు తవ్వి చూడాలి బాబాయ్ అన్నాను.

ఏ వాదనలోనూ ఒక్క మెట్టు దిగని మనిషి, అక్కడితో ఆపేసి, మళ్లీ విండోస్‌లోకి వెళ్లి, తన వాటాని తనే కోసి చిన్నది చేసుకున్నారు.

"ఇద్దరం సమానంగా ఉన్నంతసేపూ ఎవరెవరో దానికి తెలీదమ్మా. ఒకరు తగ్గాలి. నువ్వు తగ్గితే పటాలు ఇరుకైపోతాయి, నేను తగ్గుతాలే" అన్నారు.

ఆ తర్వాత చిన్నదాంట్లో లైనక్సు దిగింది. దిగి ఊరుకుందా? కంప్యూటరు తెరవగానే తనొక్కటే కనిపించి నా విండోస్‌ని మాయం చేసింది. అల్లుడుగారు ఫోనులో ఒక్కో అక్షరం చెబుతుంటే బాబాయ్ కొడుతూ, నువ్వు తప్పు చెప్పావంటే మీరు తప్పు కొట్టారంటూ మధ్యాహ్నమంతా వాదించుకుని దాన్ని తిరిగి రప్పించారు. ఆ వేళ మాకు తలప్రాణం తోకకొచ్చింది.

అయ్యా అధ్యక్షా, ఇక నా విన్నపం. డిస్కు మొత్తం నీదేనమ్మా అని నిన్న మీరు శుభవార్తలా చెప్పారు. నాకు వద్దండీ. పటం చూసి నీళ్లు వెళుతున్నాయని నేనంటాను. రావడం లేదని ఎవరో ఏడుస్తున్నారమ్మా అని బాబాయ్ అంటారు. అప్పుడు పోట్లాడుకుని, వెళ్లి చూస్తాం. ఎక్కువసార్లు ఆయన మాటే నిజమవుతుంది. రెండు కుర్చీల్లోనూ నేనే కూర్చుంటే నా పటాన్నే నమ్ముతాను. నా సంగతి నాకు తెలుసు కాబట్టే భయం. ఎవరినైనా పంపండి, నోరున్నవాళ్లని పంపండి. వాళ్లకి చోటు చాలకపోతే ఈసారి నేను తగ్గుతాను.

అధ్యక్షులవారు తలూపుతున్నారు. సరే అనో, ఇక చాలించమనో తెలియడం లేదు. సరే అన్నట్టే మినిట్సులో రాసేయండి. (నవ్వులు, చప్పట్లు)

బాబాయ్, మీరు వెళ్లిపోవడం నాకేం బాగాలేదు. ఆ మాట గదిలో చెబితే వాదన పెట్టుకుంటారని, మీరు కాదనలేని చోటు చూసి ఇక్కడ చెబుతున్నాను. ఇంతసేపు ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. ఆ వాదించే మనిషి వచ్చేదాకా గదిలోకి వెళ్లాలని లేదు గాని, పటాలు ఎదురుచూస్తున్నాయి. సెలవు.