మరిడమ్మ కడిగిన రొట్టె

మరిడమ్మ ఉందే, ఆవిడ చేట పట్టిందంటే ఆవగింజంత రాయి కూడా మిగిలేది కాదంట. ఊళ్ళో ఎవరింట పెళ్ళైనా సరే, బియ్యం, పప్పులు బాగు చెయ్యడానికి ముందు ఆవిడకే కబురెళ్ళేది. పొద్దున గొంతుక్కూర్చుంటే పొద్దు వాలేదాకా చెరుగుతూనే ఉండేదంట. అలాంటి మనిషికి షుగరొచ్చింది. వచ్చింది ఊరుకుంటుందా? కాలి బొటనవేలికి చిన్న దెబ్బ తగిలితే అదే పుండైపోయి, మానదే! పట్నం డాక్టరు చూసి, నెల్లాళ్ళు చూద్దాం, అప్పటికీ ఆరకపోతే వేలు తీసెయ్యాలి అన్నాడంట. వేలు పోతే గొంతుక్కూర్చోవడం ఎలా, చేట పట్టడం ఎలా? గుండె జారిపోయింది ఆవిడకి. జారదా మరి?

ఊరి నర్సు సువార్తమ్మ, మంచి పిల్లే, ఇంటికొచ్చి మాత్రలిచ్చి, కట్టు కట్టి, ఏం తింటున్నావు పెద్దమ్మా అనడిగింది. రాత్రిళ్ళు అన్నం మానేశాను తల్లీ, పళ్ళు లేవు, చపాతీ నమల్లేను, టీలో బ్రెడ్డు ముంచుకు తింటున్నాను, జొరమొచ్చినోళ్ళకి పెట్టేది అదే కదా, ఒంటికి మంచిదే కదా అంది. మనందరిదీ అదే లెక్క కదండీ, ఆస్పత్రిలో ఎవరున్నా మనం పట్టుకెళ్ళేది బ్రెడ్డు పొట్లమే. సువార్తమ్మ నెత్తి కొట్టుకుంది. "ఆ తెల్లది మైదా పెద్దమ్మా! పొట్టంతా తీసేసిన పిండి. అన్నం మానేసి అది తింటే ఏం లాభం? తింటే పొట్టుతో ఆడించిన గోధుమపిండి రొట్టె తిను, ముదురు రంగులో ఉంటుంది" అని చెప్పిందంట. సరేనని మరిడమ్మ సెంటర్లో కన్నబాబు బేకరీకెళ్ళి, ఆ ముదురు రంగుది కావాలంది. ఇచ్చాడు. ఇక రోజూ అదే. ఒక్క పూట కూడా తప్పలేదంట.

ఏమైందంటే, మూడు వారాలైనా పుండు అలాగే ఉంది. రక్తం చూస్తే షుగరు దిగనే లేదు. సువార్తమ్మకి అనుమానమొచ్చి, "పెద్దమ్మా, పెళ్ళిళ్ళలో చాటుగా లడ్లు గానీ తింటున్నావా?" అందంట. వేలు పోతుందన్నప్పుడు కూడా ఏడవలేదు మరిడమ్మ, ఈ మాటకి ఏడ్చేసింది. ఏడ్చి, ముక్కు తుడుచుకుని, అప్పుడు ఆలోచన చేసింది. నేను కొత్తగా తింటున్నది ఇదొక్కటే, ఇందులో ఏముందో చూద్దాం అనుకుంది. ముక్క తీసి నలిపితే మెత్తటి ముద్దైపోయింది. నలభై ఏళ్ళు గింజా పొట్టూ వేరు చేసిన చేతులు కదా, పొట్టుంటే వేలికి తగలదా? నాలుగు ముక్కలు నానేసి, పల్చటి గుడ్డలో పోసి, బియ్యం కడిగినట్టు కడిగింది. ఒకసారి కడిగితే నీళ్ళు డికాషన్‌లా అయ్యాయి. రెండోసారి కడిగితే ఇంకా కాస్త రంగు. మూడోసారి కడిగేసరికి గుడ్డలో మిగిలిందేంటనుకున్నారు? పాలిపోయిన తెల్లటి ముద్ద! పొట్టు కోసం వేళ్ళతో వెతికింది, వెతికింది, చిటికెడు కూడా లేదంట.

ఆ గుడ్డ అలాగే పట్టుకుని కుంటుకుంటూ బేకరీకెళ్ళింది. కన్నబాబు ముందు విప్పి పెట్టి, "ఇందులో పొట్టెక్కడుంది నాయనా, చూపించు" అంది. అబద్ధమాడొచ్చు, ఆడలేదు, అది ఒప్పుకోవాలి. తల గోక్కుని, అది మైదానే పెద్దమ్మా, మాడ్చిన పంచదార పాకం కాస్త కలుపుతాను, రంగొస్తుంది అన్నాడంట. పంచదారే! ఆవిడ కాలు ముందుకి చాపి కట్టు చూపించి, "నా వేలు తీసేస్తారంట్రా, ఇంత పని చేస్తావా?" అంది. కన్నబాబుకి మొహం మాడిపోయింది. "వచ్చినోళ్ళందరూ ముదురు రంగుదిమ్మన్నారు పెద్దమ్మా. నువ్వూ రంగే అడిగావు. పొట్టు కావాలని ఇప్పటిదాకా ఒక్కరూ అడగలేదు" అన్నాడు. మరిడమ్మ ఆ గుడ్డ మళ్ళీ మూట కట్టేసుకుందంట. నిజమే కదా! ఏ గింజనీ చేట్లో వెయ్యకుండా నమ్మని మనిషి, రొట్టెని మాత్రం రంగు చూసి నమ్మేసింది.

మర్నాడు గోధుమలు తనే బాగు చేసుకుని, పిండిమర దగ్గర నిలబడి ఆడించుకుని, జల్లెడ పట్టనివ్వకుండా తెచ్చి, దీన్ని కాల్చు అని కన్నబాబు చేతిలో పెట్టింది. వాడు అలాగే కాల్చాడు. పొంగితేనా? ఇటుకలా వచ్చిందనుకో. ఆ ఇటుకనే టీలో నానేసుకుని తింది. నెల తిరిగేసరికి డాక్టరు వేలు నొక్కి చూసి, ఫరవాలేదే, ఇంకో నెల ఆగుదాం అన్నాడంట. ఆ నెల్లో ఆరిపోయింది. రొట్టె ఒక్కదాని వల్లే అని నేననను, మాత్రలూ మింగింది, కట్టూ మార్చుకుంది. సువార్తమ్మొచ్చి, తప్పుగా అన్నాను పెద్దమ్మా అని ఆవిడ చేతులు పట్టుకుందంట.

ఇప్పుడు కన్నబాబు దగ్గర మూడు రకాలుంటాయి: తెల్లది, రంగుది, మరిడమ్మది. దాపరికం లేదు, అడిగితే ఏది ఏంటో చెప్తాడు. మరి ఎక్కువ పోయేది ఏదనుకున్నారు? రంగుదే! మెత్తగానూ ఉంటుంది, మంచిది తిన్నామన్న తృప్తీ ఉంటుంది. ఎవరినో ఎందుకనడం, ఇంత కథ చెప్పిన నేనూ నిన్న అదే తెచ్చుకున్నాను.