దూరాన్ని మింగిన ఫొటో

ఇంకా అవే చదువుతున్నావా? ఆ ఫోను ఇటివ్వు. ఇవ్వవా? సరే, బోర్లా పెట్టు. కాసేపు.

ముక్కూ మొహం తెలియనివాళ్ళు, పొద్దున్నే లేచి పళ్ళయినా తోముకోకుండా నా కూతుర్ని తిట్టడమేమిటి? వాళ్ళకి వేరే పనుండదా? నిన్న ఒకావిడ రాసింది, చూశాను. ‘ఆ నవ్వేదాన్ని చూడండి, దాని ఇంట్లో ఎవరూ పోయుండరు. పోతే తెలిసొస్తుంది’ అని. దానికి నాలుగొందల మంది లైకు కొట్టారు.

నాలుగొందల మంది!

లేవకు, లేవకు. ఐదు రోజులకి మెట్లు దిగావు. ఆ స్టూలు మీదే కూర్చో, ఫొటోకి వచ్చినవాళ్ళలా. లైటు వెయ్యనులే. షట్టరు సగం దించాను, ఎవరూ రారు. వచ్చినా పంపించేస్తాను.

మంచినీళ్ళిమ్మంటావా? వద్దా. ఊఁ.

నేనీ ఫొటోలు కత్తిరిస్తూ మాట్లాడతాను. చేతిలో పని లేకపోతే నాకు మాట రాదు, నీకు తెలుసు. మాట్లాడేది మీ నాన్న. ఆయన తీసేవాడు, నేను కత్తిరించేదాన్ని. ఇరవై ఆరేళ్ళు ఈ షాపు అలాగే నడిచింది. ఇప్పుడు రెండూ నేనే.

ఇవెవరివో చూశావా? పార్కు వాచ్‌మన్‌వి. పొద్దున వచ్చాడు. ఎందుకొచ్చాడో చెప్తాను, ఆగు. వరసగా చెప్పనీ. లేకపోతే చెప్పలేను.

మీ నాన్న పోయి డెబ్బై రోజులు. పార్కు తెరిచి పన్నెండు. పత్రికలో ఆ ఫొటో పడ్డాక మళ్ళీ మూశారనుకో. ఈ జబ్బు భయానికి మూడు నెలలు తాళం వేసి ఉంచి, పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు తెరుస్తామన్నారు. జనం వచ్చారు. రారా మరి? ఒక్క గదిలో ఆరుగురు ఉండేవాళ్ళు ఎక్కడికి పోతారు?

ఇప్పుడంటున్నాను ఈ మాట. అప్పుడు అనలేదు.

అప్పుడు మన వరండాలో నిలబడి చూస్తే ఒళ్ళు మండింది. మీ నాన్నని తీసుకెళ్ళడానికి నలుగురే వచ్చారు. అదీ తల నుంచి కాలిదాకా కప్పుకుని. ఎవరు ఎవరో తెలియలేదు. మనిద్దర్నీ ఆస్పత్రి గేటు దగ్గరే ఆపేశారు. ఆయన తీసిన పెళ్ళిళ్ళు ఈ ఊళ్ళో ఎన్ని! ఒక్కరు రాలేదు. రావద్దన్నారు, రాలేదు. తప్పు వాళ్ళది కాదు. కానీ పార్కుకి మాత్రం కాళ్ళొచ్చాయి కదా అనిపించింది.

ఈ షాపుకి వచ్చిన పనేమిటో నువ్వూ చూశావు. అన్నీ పెద్ద ఫొటోలే. పోయినవాళ్ళవి. ఏదో గ్రూపు ఫొటో తెస్తారు. అందులోంచి ఒక్కరిని కోసి, పక్కవాళ్ళ చెయ్యి భుజం మీదుంటే ఆ చెయ్యి చెరిపి, కోటు తొడిగి, వెనకాల నీలం రంగు వేసి... ముప్పై నాలుగు చేశాను. ముప్పై అయిదోది మీ నాన్నది.

అవి చేసి చేసి తలెత్తితే ఎదురుగా జనం. ఐస్‌క్రీములు. బంతులు. పిల్లల కేకలు.

నువ్వూ వెళ్ళేదానివి. బడి పిల్లలకి ఫోనులో పాఠం చెప్పడం కాగానే చెప్పులు వేసుకునేదానివి. ఎక్కడికే అంటే, ‘గాలికి’. అంతే. ఇంట్లో నాతో ఒక్క మాట ఉండదు.

నేనూ మాట్లాడలేదనుకో.

పరువు లెన్సు గుర్తుందా? మీ నాన్న పెట్టిన పేరే. ఆ పొడుగాటిది. పెళ్ళికి రెండొందల మందిని పిలిస్తే నలభై మంది వస్తారు చూడు, అప్పుడు పిల్ల తండ్రి మొహం చూసి, జాలిపడి, హాలు చివరికి పోయి దాంతో తీసేవాడు. దూరం నుంచి తీస్తే అది మధ్యలో ఖాళీనంతా మింగేస్తుంది. ముందు వరసవాడి భుజం మీద అయిదో వరసవాడి తలకాయ వచ్చి కూర్చుంటుంది. నలభై మంది కాస్తా ఊరు ఊరంతా దిగినట్టుంటారు. ‘పరువు నిలబెట్టాను, ఇంకో రెండు ఆల్బమ్‌లు వేయించుకుంటాడు చూడు’ అనేవాడు.

నిన్ను తిడుతున్న ఆ ఫొటో అలాంటిదే.

ఆ సాయంత్రం నడకదారిలో జనం ఉన్నారు. లేరనను. కానీ అలా లేరు. మనిషికీ మనిషికీ మధ్య ఇద్దరు పట్టేంత ఎడం ఉంది. నీ బెంచీకి అటూ ఇటూ ఎవరూ లేరు. ఫొటోలో చూస్తే నీ భుజం మీద ఎవరిదో మొహం, నీ ఒళ్ళో ఎవరో పిల్లాడు, వెనకాల తిరనాళ్ళ గుంపు.

నాకెలా తెలుసంటావా?

వాచ్‌మన్ సంగతి ముందు చెప్పనీ.

పొద్దున షట్టరు ఎత్తగానే వచ్చాడు. ‘అక్కా, ఎనిమిది ఫొటోలు, అర్జెంటు’ అన్నాడు. గుంపుని ఆపలేదని ఆయన్ని మానిపించారు. ఇంకెక్కడో కాపలా పని అడగాలట. కూర్చోబెట్టి గడ్డం ఎత్తమన్నాను. ఎత్తాడు.

‘కాస్త నవ్వనా అక్కా?’

‘నవ్వే కాపలావాణ్ణి ఎవరు పెట్టుకుంటారయ్యా’ అన్నాను.

‘నిజమే. ఈ రోజుల్లో నవ్వితే ఉన్న పని కూడా ఊడుతుంది. ఆ పిల్లని చూడండి పాపం’ అన్నాడు.

ఏ పిల్ల అన్నాను. పార్కు తెరిచిన రోజే కొత్తగా చేరినవాడు, నువ్వు నా కూతురివని తెలియదు. నేను చెప్పలేదు. చెప్పుకుంటూ పోయాడు.

‘రోజూ ఆ చివరి బెంచీ మీద కూర్చునేదక్కా, చెవుల్లో వైరు పెట్టుకుని. తనలో తనే నవ్వేది. ఏం పాటలమ్మా అవి, మాకూ వినిపించు అన్నాను. పాటలు కాదు అంకుల్, మా నాన్న అంది. వైరు పీకేసి గట్టిగా పెట్టింది. నేను ఆరడుగుల అవతల నిలబడే విన్నాను. రూలు రూలే కదా. ఆయనదీ ఫొటోల షాపేనట, మీలాగే.’

నాలాగే!

బట్టతలాయన సంగతి వినిపించావట. ఫొటోలో జుట్టు పెట్టమని అడిగినాయన. పెడితే, తీసుకెళ్ళడానికి వాళ్ళావిడ వచ్చి, ‘ఈయనెవరు? మా ఆయన ఫొటో ఇవ్వండి’ అని దెబ్బలాడిందే, అది. వాచ్‌మన్ చెప్తూ చెప్తూ తనే నవ్వాడు. మొహం కదిలిపోయి ఫొటో పాడైంది. మళ్ళీ తీశాను.

ఆ జుట్టు పెట్టింది ఎవరనుకున్నావు? నేను! గంటన్నర కూర్చుని ఒక్కొక్క పోగూ పెట్టాను. మీ నాన్న తనే పెట్టానని చెప్పుకున్నాడు, చూశావా.

ఆయనకి మెట్లెక్కడమంటే బద్ధకం. ఇక్కడ కూర్చుని ఫోనులో మాట రికార్డు చేసి పైకి పంపేవాడు. ఆకలేస్తోందని ఒకటి. కరెంటు పోయిందని ఒకటి, మనకి పోనట్టు. నువ్వన్నీ దాచుకున్నావు. ఆస్పత్రి నుంచి పంపినవి వినవట. షాపులోంచి పంపినవే వింటావట. అది కూడా వాచ్‌మన్‌కి చెప్పావు.

నాకు చెప్పలేదు.

ఎలా చెప్తావు? ఆయన పోయిన వారానికి, వంటింట్లో నువ్వు ఆ మాటలు పెట్టుకుని గిన్నెలు కడుగుతుంటే నేనేం చేశాను? చేతిలో గ్లాసు గోడకేసి కొట్టాను. ‘ఈ ఇంట్లో ఆ గొంతు వినపడటానికి వీల్లేదు’ అన్నాను. నువ్వు వంగి గాజుముక్కలు ఏరావు. ఆ మర్నాటి నుంచి ఇల్లంతా నిశ్శబ్దం. నేనేమో, పిల్ల తేరుకుంది అనుకున్నాను.

కన్నతండ్రి మాట వినడానికి ఇంట్లో చోటు లేక పార్కుకి పోయావు. 

అలా చూడకు. అడిగావుగా, నాకెలా తెలుసని.

ఆ ఫొటో నేనే తీశాను.

కూర్చో. ఒక్క నిమిషం కూర్చో. తర్వాత నీ ఇష్టం.

ముందు డాబా ఎక్కాను, మామూలు లెన్సుతో. పైనుంచి చూస్తే అందరూ విడివిడిగా కనపడ్డారు. మధ్యలో బోలెడు గడ్డి. పాపం ఒద్దికగానే నడుస్తున్నారు. తీశాను. చూసుకుంటే అందులో నా కోపం ఎక్కడా లేదు. దిగి వరండాలోకి వచ్చాను. అక్కడ నిలబడితే గేటులోంచి ఆ దారి తిన్నగా కనపడుతుంది. బీరువాలోంచి పరువు లెన్సు తీశాను. ఆయన పోయాక దాన్ని ముట్టుకోవడం అదే మొదలు.

అదేం చేస్తుందో తెలిసే తీశాను. తెలియక కాదు.

జనం కోసమే పెట్టాను కన్ను, అది నిజం. కానీ అందులో నువ్వు కనపడ్డావు. మాస్కు గడ్డం కిందికి, తల వెనక్కి వాల్చి, పళ్ళన్నీ కనపడేలా నవ్వుతున్నావు. చెవిలో వైరు కూడా కనపడింది. అంత బాగా చూపిస్తుంది. ఎవడితోనో మాట్లాడుతున్నావనుకున్నాను. తండ్రి పోయి పట్టుమని మూడు నెలలు కాలేదు, దీనికి నవ్వెలా వస్తోంది? నాకు రాని నవ్వు దీనికెలా వస్తోంది?

తొమ్మిది సార్లు నొక్కాను.

పత్రికలో మీ నాన్న స్నేహితుడున్నాడే, చిన్నప్పుడు మామయ్యా అని వెంటపడేదానివి, ఆయనకి పంపాను. నిన్ను గుర్తుపట్టలేదు, చూసి ఎన్నేళ్ళయిందో. నా పేరు వెయ్యొద్దన్నాను. నీ మొహం మసక చెయ్యమని మాత్రం అనలేదు. నాకు అదెంత పని? రోజూ పరాయివాళ్ళ చేతులు చెరుపుతున్నదాన్ని. నీ మొహం చెరపలేకపోయానా?

చెరపలేదు. నలుగురూ నాలుగు మాటలంటే బుద్ధొస్తుందనుకున్నాను.

నలుగురు అనుకున్నానే!

వాళ్ళు నీ మొహం చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి ఊరంతా తిప్పుతారని నాకేం తెలుసు? మీ పెద్దమేడం ఫోన్ చేసి, తల్లిదండ్రులు గొడవ చేస్తున్నారు, కొన్నాళ్ళు పాఠాలు చెప్పొద్దంటుందని నాకేం తెలుసు? పక్కన మందుల షాపాయన వచ్చి ఫొటో నా మొహం మీద పెట్టి, ‘మన పిల్లేనా ఇది? పెంపకం అంటారిందుకే’ అన్నాడు. నేను లెక్కపెట్టుకున్న కవర్లు మళ్ళీ లెక్కపెట్టాను.

ఐదు రోజులు. పైన నువ్వు గోడకి తిరిగి పడుకుంటే కింద నేను ఇదిగో, ఇలా కత్తిరిస్తూ కూర్చున్నాను. కంచం గుమ్మంలో పెట్టి వచ్చేదాన్ని. అలాగే తెచ్చుకునేదాన్ని. 

వాచ్‌మన్ వెళ్ళాక పత్రికాయనకి ఫోన్ చేశాను. డాబా మీంచి తీసింది కూడా వెయ్యండి, ఆ పిల్ల నా కూతురు, తీసింది నేను అని చెప్పాను.  ‘వదినా, అది పాతబడిపోయింది. ఇవాళ బస్టాండు దగ్గర జనం తోసుకున్నారు, అందరూ దాని మీద పడ్డారు. దీన్ని ఇప్పుడెవరు చూస్తారు? వదిలెయ్’ అన్నాడు.

వాళ్ళకి పాతబడిందట.

నేనే పెద్దది ప్రింటు వేసి బయట అద్దానికి అంటించాను. కింద రాశాను, ఇదీ అదే సాయంత్రం, రెండూ తీసింది నేనే, ఆ నవ్వే అమ్మాయి నా కూతురు, తన తండ్రి మాటలు వింటోంది అని. పొద్దుటి నుంచి అద్దం దగ్గర ముగ్గురు ఆగారు. ఒకడు అందులో మొహం చూసుకుని జుట్టు సర్దుకున్నాడు. ఒకాయన కప్పుల మీద ఫొటో వేస్తారా అని అడిగాడు. ఒకావిడ మొత్తం చదివింది. చదివి లోపలికి తొంగిచూసి, ఏమీ అనకుండా పోయింది. ఆవిడ ఏదన్నా అనుంటే బాగుండేది.

రేపు మీ మేడం దగ్గరికి వెళ్తాను. వాచ్‌మన్ని మానిపించినవాళ్ళ దగ్గరికీ వెళ్తాను. వింటారో వినరో.

నన్నేమైనా అను. అనవా? నీదీ నా నోరే, తేలిగ్గా మాట రాదు.

క్షమించమనను. కన్నబిడ్డ మీద గురిచూసి నొక్కినదాన్ని, ఏ మొహంతో అడుగుతాను?

ఇంకొక్కటుంది. ఇది కూడా విను, తర్వాత పైకి వెళ్ళిపో.

ఫొటో వచ్చిన రోజు, నువ్వు లేవకముందే పత్రిక తెచ్చి ఈ కౌంటరు మీద పరిచాను. మొదటి పేజీ. వెలుగు ఎక్కడ పడాలో అక్కడ పడింది. ఒక్క మొహం కదల్లేదు. ఇరవై ఆరేళ్ళలో మీ నాన్న ఫొటో ఒక్కటీ మొదటి పేజీకి ఎక్కలేదు. పక్కన ఆయనుంటే భుజం మీద చరిచేవాడు. భలే తీశాననుకున్నాను. 

అనుకుని, ఒక్కదాన్నే, పైకి వినపడేలా నవ్వాను. ఆయన పోయాక నేను నవ్వింది ఆ ఒక్కసారే.