నీలం రాయి ఏ సొరుగులోది

నా రాతలో తప్పులుంటే మన్నించండి. అరవై దాటాక దిద్దుకున్న అక్షరాలివి. ఒక్కో పేజీకి నాకు ఒక్కో పూట పడుతుంది.

కార్న్‌వాల్‌లో, సముద్రం ఒడ్డున, ఎప్పుడో మూతపడిన తగరం గని. మధ్యాహ్నం పూట. రాళ్ళు ఏరుకోవడానికి లోపలికి వచ్చిన గుడ్డి ముసలాయన డిగొరీ, ఆయన కోడలు లవ్‌డే. వాళ్ళు వచ్చిన దారి కాసేపటి క్రితమే కూలిపోయింది.

"ఈల వేశావు నువ్వు."

"వెయ్యలేదు మావయ్యా."

"వేశావు. తూటామందుకి నా కళ్ళు పోయాయి గానీ చెవులు పోలేదు. గనిలో ఈల వేస్తే పైకప్పు ఊరుకుంటుందా? అసలు ఆడమనిషిని లోపలికి తేవడమే..."

"తెచ్చిందెవరు? రంగు చెప్పడానికి మనిషి కావాలి, నువ్వు రా అని పొద్దున్నే వంటింటి గుమ్మంలో నిలబడ్డదెవరు?"

"సరేలే. కొవ్వొత్తి ఎంతుంది?"

"బొటనవేలంత."

"అగ్గిపెట్టె?"

"ఇందాకే చెప్పాగా, నీళ్ళలో పడి నానిపోయిందని. ఇది ఆరితే ఇంక అంతే."

"అయితే ఉన్నంతసేపూ రాళ్ళు తియ్యి."

"తీశాను. ఒకటి తీస్తే రెండు జారుతున్నాయి. గోళ్ళు ఊడొస్తున్నాయి మావయ్యా."

"మనం ఇక్కడున్నామని ఎవరికైనా చెప్పావా?"

"మీరే కదా వద్దన్నారు! ఆడది గనిలోకి దిగిందంటే ఊరంతా నోరు చేసుకుంటుందని. బజారుకి వెళ్తున్నామని మీరే చెప్పించారు."

"తినడానికి తెచ్చిన పేస్టీ రొట్టె మిగిలిందా?"

"అంచు ముక్క ఉంది. తింటారా?"

"నాక్కాదు. గనిలో కంటపడకుండా ఉండే పొట్టివాళ్ళకి. ఇవాళ వాళ్ళకి పెట్టకుండానే తిన్నాం. గోడలో ఏదైనా సందు చూసి పెట్టు."

"మన ప్రాణాలు పోతుంటే దయ్యాలకి భోజనాలా?"

"దయ్యాలనకు! పెట్టు."

"పెడతాను, పెడతాను. మీ తల మీదే ఒక సందుంది. మోచెయ్యి దాకా పడుతోంది... అబ్బ!"

"ఏమైంది?"

"గుచ్చుకుంది. ఏదో రాయి. పలకలు పలకలుగా ఉంది. ఊడి చేతికొచ్చింది."

"రంగు?"

"ఇప్పుడా!"

"ఇప్పుడే. ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతుంది. చెప్పు."

"నీలం. సిరా సీసాలాగా."

"రాగి. ఇంట్లో నా రాగి రాళ్ళ సొరుగులో అలాంటివి ముప్ఫై ఉన్నాయి. పడెయ్."

"గోటితో గీస్తే గీత పడుతోంది."

"ఏమన్నావ్?"

"మీ నీలం రాళ్ళు గోటికి లొంగవు కదా? వాటి దుమ్ము దులిపేది నేనేగా."

"మెత్తటి రాగి ఉప్పొకటుంది. నాలిక కొస అంటించి చూడు. వెగటుగా ఉంటుంది. ఉమ్మెయ్, మింగకు."

"థూ... రుచీ లేదు, పచీ లేదు. మట్టి."

"ఇటివ్వు. ఇటివ్వవే! రేకు లేస్తోంది... వంగుతోంది, విరగట్లేదు... లవ్‌డే, ఇది వివియనైట్! ఇనుమూ భాస్వరమూ కలిసిన రాయి. మనం వచ్చింది దీనికోసమే. ఫాస్ఫేట్ల సొరుగులో దీని గది నలభై ఏళ్ళుగా ఖాళీగా ఉంచాను."

"సంతోషం. మన పక్కనే పెట్టి పూడుస్తారు."

"ఆగాగు. నీలమన్నావా?"

"నీలమే."

"కుదరదు. కొండలో ఉన్నంతకాలం ఇది మంచినీళ్ళలా ఉంటుంది. పగటి వెలుగు తగిలితేనే పచ్చబడి, తర్వాత నీలమవుతుంది. చుట్టి పట్టుకెళ్దామని అందుకేగా నల్లగుడ్డ తెచ్చాను? చీకట్లో ఉన్నది నీలమెలా అయింది? నువ్వు సరిగ్గా చూడలేదు."

"చూశాను. ఇవ్వండి మళ్ళీ... మావయ్యా, ఒక వైపే నీలం. రెండో వైపు గాజు. నా వేలు కనపడుతోంది దీన్లోంచి."

"ఏ వైపు గాజు?"

"గోడకి అంటుకున్న వైపు. సందు లోపలికి తిరిగి ఉన్న వైపు నీలం."

"సందు లోపలికా? మన వైపు కాదూ?"

"కాదు, అటే."

"అయితే అటునుంచి వెలుగు తగిలింది. ఏళ్ళ తరబడి తగిలింది. తొంగి చూడు!"

"చూస్తున్నా. నలుపే. కొవ్వొత్తి కళ్ళలో కొడుతోంది. ఆర్పి చూస్తే?"

"వద్దు! ఆర్పావంటే మళ్ళీ వెలగదు. అది పైకి తెరుచుకునే పాత గాలిబావి అయితే ఎప్పుడో పూడ్చేసి ఉంటారు. లేదా నేను రాయినే తప్పు పట్టానేమో. నిన్ను చీకట్లో చంపిన పాపం నాకొద్దు."

"రాయి విషయంలో మీరెప్పుడైనా తప్పారా?"

"మూడుసార్లు."

"నలభై ఏళ్ళలో మూడే కదా."

"నాలుగోది ఇదైతే? నువ్వు లేకపోతే ఆ ఇంట్లో... ఏంటది, కమురు వాసన?"

"వత్తి పొగ చూరుతోంది."

"జాగ్రత్తగా పట్టుకో. గాలి తగలనివ్వకు. వింటున్నావా?"

"వింటున్నా. కాసేపు పలకరించకండి, నూరు దాకా అంకెలు చెప్పుకుంటున్నా."

"అంకెలెందుకిప్పుడు?"

"..."

"లవ్‌డే! ఎక్కడున్నావ్? కొవ్వొత్తి మాత్రం ఆర్పకు. జీవితంలో ఒక్కసారి నా మాట విను. ఆర్పనని చెప్పు నాకు."

"అది ఆర్పేసి చాలాసేపయింది మావయ్యా. ముందు మీ గడ్డం దులుపుకోండి, పేస్టీ తునకలు కనపడుతున్నాయి."

లవ్‌డే నాన్‌కారో, డెబ్భై ఆరేళ్ళు. ఇప్పుడుండేది రెడ్‌రూత్‌లో, కూతురి దగ్గర.