ముగ్గురు కాశీరాంలు, మూడు కాలేజీలు

కాశీరాం కాలేజీ సంగతిల నన్ను బోల్తా కొట్టించేటోడు ఇంకా పుట్టలేదు సైదయ్యా! ఇంకో చాయ్ పొయ్యి. కూర్చోను, నిలబడే తాగుత. పొద్దుగాలనే మనవరాలు గీతాంజలిని నేనే తెచ్చి ఈ కోదాడ కాలేజీ గేటు ముందర దింపిన. పిల్లకు ఎంట్రెన్స్ పరీక్ష, నాకేమో కాలు ఒక్కచోట నిలుస్తలేదు.

"రాసేది పిల్ల గద, మీకెందుకు సారూ పరేషాన్?" అన్నది బెంచీ మీద కూసున్న పెంటమ్మ. ఆమె బిడ్డ కూడా పరీక్షకు లోపలికి పోయింది.

పరేషాన్ కాదమ్మా, అలవాటు. అసలు సంగతి విను. రైసుమిల్లు కాశీరాం సేటుకు ముగ్గురు కొడుకులు. పంపకాలప్పుడు మిల్లులన్నీ పంచుకున్నరు గాని నాయిన పేరు మాత్రం ఒక్కడూ వదలలేదు. సూర్యాపేటల ఒకడు, కోదాడల ఒకడు, మిర్యాలగూడల ఒకడు, అందరూ కాశీరాం కాలేజీలే పెట్టిన్రు. తాత పేరు మనవనికి పెట్టాలె గద, పెద్దకొడుకులకు కూడా ముగ్గురూ కాశీరాం అనే పెట్టుకున్నరు. మా కాలంల ఈ బాధ లేదు. నేను డిగ్రీ చదివినప్పుడు కాలేజీకి ఊరి పేరే ఉండేది, క్యాంటీన్‌ల ఉప్మా ఎట్లుండేదంటే... సరే, అది ఇంకోసారి. పరీక్ష బెల్లు కొట్టిన్రా? కొట్టలేదా?

ఒకసారి సూర్యాపేట కాలేజీల చేరాల్సిన పిల్లగాడు పెట్టెతో సహా కోదాడల దిగిండు. నేనే స్కూటర్ మీద తీస్కపోయి అప్పజెప్పిన. అప్పటినుంచి పేర్ల చిక్కు ఎక్కడ పడ్డా నాకే కబురు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సూర్యాపేట కాశీరాంకు కాబోయే పెళ్లాం పోయి మిర్యాలగూడ కాశీరాం పెళ్లి మండపంల కూసున్నది! పెళ్లి చేయించే అయ్యగారు తాళి ఎత్తిండు. నేను స్కూటర్ తోలిన తోలుడుకు మూసీ వంతెన వెనకబడ్డది, నేను ముందే అవతల ఉన్న.

"స్కూటర్ల పెట్రోలు ఉన్నదా సారూ?" అన్నడు సైదయ్య.

పెట్రోలెందుకయ్యా, నా కోపంతోనే నడిచింది! పెళ్లి చక్కబెట్టి, ఇంకెందరు కాశీరాంలున్నరో చూద్దామని హైవే నడుమ నిలబడి, "ఒరేయ్ కాశీరాం!" అని ఒక్క కేక ఏసిన. అటు హైదరాబాదు దాకా, ఇటు విజయవాడ దాకా లారీలన్నీ ఆగినయ్. ప్రతి లారీ నుంచి ఒక కాశీరాం దిగి "చెప్పు పెదనాయినా" అన్నడు. మఠంపల్లి సిమెంటు ఫ్యాక్టరీ పొగ తిరిగి గొట్టంలకే పోయింది. కృష్ణమ్మ పారేది ఆపి, "నన్నేనా పిలిచింది?" అన్నది. "నువ్వు కాదు తల్లీ, నువ్వు పో" అన్న. అప్పుడు గాని కదల్లేదు.

పెంటమ్మ ఫోను మోగింది. "చేరిన్రా? లోపలికి పోయిందా? హమ్మయ్య," అని పెట్టేసింది.

ఎవరమ్మా?

"మా తమ్ముడు సారూ. మీ గీతాంజలి హాల్ టికెట్ మీద ఉన్నది మిర్యాలగూడ కాశీరాం కాలేజీ. మీరు గీడ చాయ్ చెప్పి అటు తిరిగి ముచ్చట్ల పడంగనే గాడ గేటుకాడోళ్లు ఆ పిల్లను ఎనక్కి పంపిన్రు. మా తమ్ముని కారుల పోయింది. టయానికి అందుకున్నది."

నాకు ఒక్క మాట చెప్పొద్దా?

"చెప్తమంటే పిల్లే వద్దన్నది," అన్నడు సైదయ్య, గ్లాసు నా చేతిల పెట్టుకుంట. "'తాత గూడ కారెక్కిండంటే సూర్యాపేట తీస్కపోతడు, నేను లోపలికి పోయేదాంక జర మాటల్ల పెట్టున్రి' అన్నది."