సోమవారం లెక్క

కోసిగి దగ్గర బిడ్డతో మిరపకోతలకు వలసపోయే లారీ ఎక్కబోతున్న సిద్దమ్మను బడి ఎదుటి అంగడాయన ఆపాడు.

“పాపను ఈడనే ఇడ్సిపో సిద్దమ్మా. సోమవారం అధికారులొచ్చి పిల్లోళ్లను లెక్కబెడతారు. ఒక్కరు తగ్గినా మన బడి ఎత్తేసి పక్కూరి బడిలో కలుపుతారంట.”

“బడి పోతే నీ బిస్కెట్లు ఎవరు కొంటారని దిగులు గదన్నా?”

“అదీ ఉండాది, అబద్ధమెందుకు? అయినా బడే లేకుంటే, మీరు తిరిగొచ్చినా పాపకు సదువు యాడిది?”

“అంతవరకూ దాన్ని ఎవరు చూస్తారు?”

“సోమవారం దాకా మా ఇంట్లో తింటాది, మా ఆడోళ్ల పక్కన పండుకుంటాది.”

“నేనొచ్చేది ఉగాదికి. మంగళవారం నుంచి?”

అంగడాయన అంగడి వైపు తిరిగాడు.

“లెక్క అయినంక గూడా దానికి ఆకలైతాదన్నా” అంటూ సిద్దమ్మ బిడ్డను లారీలోకి ఎత్తింది.